మిగిలిపోయిన సీటు

"ఆపరేషన్ కాగితం మీద సంతకం తర్వాత పెడతాను. ముందు మీ పీజీ ర్యాంకెంతో చెప్పండి బాబూ," కడుపునొప్పితో మెలికలు తిరుగుతూనే అడిగాడు ఆదిబాబు. గమ్హరియా ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సరుకు తనిఖీ చేసిన మనిషి.

"నలభై వేలు అంకుల్," అన్నాడు సర్జన్ మోహిత్.

"ఏటీ! ఇరవై వేలొచ్చిన మా అమ్మాయి నాలుగేళ్లుగా కోచింగులోనే ఉంది. మీకు సర్జరీ సీటెలాగొచ్చింది?"

"ఆఖరి రౌండులో ఒకటి మిగిలిపోయింది అంకుల్. ఎవరూ అడగలేదు."

పక్కనే నిలబడ్డ కూతురు తనూజ తండ్రి వైపు తిరిగింది.

"పోటీ లేని సీటంటే రిజెక్టు మాలే, దానికి ఆప్షన్ పెట్టొద్దన్నావు కదా నాన్నా. ఆ సీటే."

ఆదిబాబు గొంతు తగ్గించాడు.

"ఇక్కడ ఇంకో సర్జనెవరూ లేరేటమ్మా?"

"ఉండాల్సింది నేనే నాన్నా," అంటూ తనూజ అతని చేతిలో పెన్ను పెట్టింది.