ఎడమవైపు మూల

గదినిండా సరస్సు ఆరుతోంది.

తాళ్ళ మీద వరసగా దిండు గలీబులు. అన్నిటి మీదా అవే నీళ్ళు, అదే చెక్క వంతెన, బోర్లించిన అవే పడవలు. అతను వాటి మొహం చూడకుండా మడతపెట్టి పెట్టెల్లో సర్దుతున్నాడు.

"ఊళ్ళన్నీ నువ్వు గీస్తావు. మూటలన్నీ నేను మోస్తాను. అది సరే. ఇంకా ఎన్నాళ్ళు అమ్ముతావే, ఈ నీళ్ళని?"

భార్య తలెత్తలేదు. గుడ్డ మీద పరిచిన అచ్చు స్క్రీను మీద రంగుతో రబ్బరు పట్టీని ఒక్క ఊపున లాగింది.

"అడుగుతున్నారండీ."

"అడుగుతారు. బిడ్డని మింగిన నీళ్ళని వాళ్ళకేం తెలుసు? తెలిసినదానివి, నీకుండాలి."

ఆమె స్క్రీను ఎత్తి పక్క గుడ్డకి జరిగింది.

పెళ్ళైన కొత్తలో ఇద్దరూ తిరిగిన ఊళ్ళన్నిటినీ ఆమె బొమ్మలు గీసి తెచ్చుకుంది. వ్యాపారం మొదలుపెట్టినప్పుడు వాటిని ఉన్నవున్నట్టు అచ్చేస్తే ఈగ కూడా వాలలేదు. అప్పుడు పాత బొమ్మలకే నకళ్ళు తీసి, ముందేసుకుని కత్తిరించడం నేర్చుకుంది. సంత బొమ్మలోంచి ఒక్క గొడుగు. కొండవీధి బొమ్మలోంచి నాలుగు మెట్లు. అన్నేసి రంగులు పోయి రెండే మిగిలాయి. జనం ఎగబడ్డారు.

చివరికి ఆఖరి ప్రయాణం బొమ్మకీ కత్తెర పడింది. ఆ ప్రయాణంలో పిచ్చుక కూడా ఉంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఒకచోట నిలవని పిల్ల కాబట్టి ఆ ముద్దుపేరు. వెళ్ళేటప్పుడు ముగ్గురు. వచ్చేటప్పుడు ఇద్దరు.

తల్లి బొమ్మ గీసుకుంటూ కూర్చుంది, బిడ్డ నీళ్ళలోకి జారింది. అతను ఆ మాట పోలీసులకు చెప్పాడు. అత్తగారికి చెప్పాడు. బావమరిదికి చెప్పాడు. బావమరిది ఆనాటి నుంచి అక్క గుమ్మం తొక్కలేదు. ఆమె మాత్రం ఎవరికీ ఎదురు చెప్పలేదు, నోట్లో నాలుక లేనట్టు.

మధ్యాహ్నం హోటలావిడ వచ్చింది. కొత్తగా కడుతున్న హోటలుకి అలంకరణ పనులు చూసేది ఈవిడే. ముందు హాల్లో గోడంతా కప్పే గుడ్డ కావాలి. ఆ ఒక్క పని చేతికొస్తే, ఈ ఇంటి ముందుగది వదిలి వీధిలో అసలైన దుకాణం తెరుచుకోవచ్చు.

"రానురాను మీ పని తేటపడుతోందండీ," అంది హోటలావిడ. "కానీ నాకు ముక్క చాలదు. మా ఓనరుకి ఖాళీ గోడ కనిపిస్తే కడుపునొప్పి. మొత్తం సరస్సు కావాలి. అవునూ, ఎడమవైపు వంతెన టక్కున తెగిపోయిందేం? అటు ఏముంది?"

"ఏమీ లేదండీ," అంది భార్య.

"గట్టైనా ఉండాలి కదమ్మా!"

"ఉన్నది ఇంతే."

"అసలు బొమ్మ దాచారన్నారుగా. అదొకసారి చూపించండి."

"అది చూపించనండీ. పని పోయినా సరే."

స్క్రీను తీసుకుని కడగడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

అతనికి ఒళ్ళు మండింది.

"చూశారా! ముక్కలు కోసి అమ్మితే లేని పాపం, మొత్తం అమ్మితే చుట్టుకుంటుందట."

"ఏమైంది అన్నయ్యగారూ?" అంది హోటలావిడ అయోమయంగా.

అతను చెప్పాడు. ఇన్నేళ్ళుగా చెప్పి చెప్పి నున్నబడిన మాటలే.

"పిల్ల దీని దగ్గరే ఉంది. నేను పడవ టికెట్ల క్యూలో నిలబడ్డాను. చాంతాడంత క్యూ. నా వంతు వచ్చేలోపే కేకలు. పరిగెత్తుకొచ్చి చూస్తే ఇది ఇంకా కుంచె పట్టుకునే ఉంది."

"అయ్యో!" హోటలావిడ కళ్ళు చెమర్చాయి. "ఎలా భరిస్తున్నారండీ ఆవిణ్ణి?"

ఆ మాట అతనికి చల్లగా తగిలింది.

"కూర్చోండి. అసలు బొమ్మ నేనిస్తాను, పట్టుకుపోండి. ఈ పీడ ఇల్లు వదలాలి. కన్నబిడ్డ కన్నా ఎక్కువైపోయిన ఆ గీతలేమిటో మీరే చూద్దురుగాని."

బీరువా మీద నుంచి కాగితం చుట్ట దించాడు. దానికి పిచ్చుక జడ రిబ్బను కట్టి ఉంది. ఆ రోజు తర్వాత అతను దాన్ని ముట్టుకోలేదు. విప్పి చూడాలని ఎన్నడూ అనిపించలేదు.

ముడి లాగుతుంటే పెరటి గుమ్మంలో భార్య. చేతుల నుంచి నీలం నీళ్ళు కారుతున్నాయి.

"ఏవండీ, విప్పకండి."

"ఏం, సిగ్గేస్తోందా?"

"మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆవిడ ముందు వద్దు."

"ఆవిడ ముందే కావాలి."

అచ్చుబల్ల మీద కాగితం పరిచి అరచేతులతో అదిమాడు. పడవలు. వంతెన. సగమే రంగు పడిన నీళ్ళు. ఎడమవైపు మూలను వేరుచేస్తూ పైనుంచి కిందిదాకా భార్య గీసిన పెన్సిల్ గీత. ఎన్ని అచ్చులు మారినా కత్తెర ఆ గీత దాటి అవతలికి పోలేదు.

హోటలావిడ గీతకు అటువైపు చూసింది. తలెత్తి అతన్ని చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

గీతకు అవతల, తలుపులు మూసేసిన టికెట్ల కిటికీ కింద అరుగు మీద, నీళ్ళకు వీపు పెట్టి ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నది అతనే. పిచ్చుక అతని చొక్కా అంచు పట్టుకుని లాగుతోంది.