ఇంటింటా వేపమండ

ముంబై కామాటిపురలో తెలుగు కుటుంబాలుండే ఇరుకు గదుల చాల్ మెట్ల దగ్గర ఆరోగ్య కార్యకర్త పెంటమ్మ తగిలించిన బోర్డును చాల్ కమిటీ అధ్యక్షుడు బాలనర్సయ్య తన చేతులతోనే పీకేశాడు. గర్దా అనే హెరాయిన్ పొడి మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతే ముక్కులో కొట్టే మందు ఉచితంగా ఇస్తామని దాని మీద రాసి ఉంది.

“మన తెలుగోళ్ల ఇండ్లల్ల గర్దా పీల్చెటోడు ఉన్నడా? ఎవరన్న సూస్తే ఇజ్జత్ ఉంటదా? అవతలి గల్లీల పెట్టుకో, పో!”

పెంటమ్మ వాదించలేదు. “సరే అన్నా. తలుపులకు వేపమండ కడితే ఏమన్న అంటవా?”

“అమ్మవారిని ఎవడన్న ఏమన్న అంటడా?” అంటూ బాలనర్సయ్య చెంపలు వేసుకున్నాడు.

నిజమే. గుమ్మానికి వేపమండ ఉంటే లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఎవరికి, ఎట్లా అని మనవాళ్లు అడగరు. దండం పెట్టి పక్కకు తప్పుకుంటారు.

వానలు తగ్గేసరికి చాల్‌లో సగం తలుపులకు పెంటమ్మ కట్టిన మండలు వేలాడుతున్నాయి. మత్తు మీద సర్వేకు వచ్చిన సంస్థవాళ్లు వాటిని చూసి ముచ్చటపడ్డారు. మా దగ్గర మత్తు లేదు, భక్తే ఉందని బాలనర్సయ్య హిందీలో ఉపన్యాసం దంచాడు. వాళ్లు చప్పట్లు కొట్టి, శాలువా కప్పి వెళ్లారు.

ఆ శాలువా కిందే ఖాళీ ముక్కుమందు సీసా దాచుకుని అతను పెంటమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

“మా కొడుక్కు పొద్దుగాల మళ్ల ఊపిరి ఆగింది చెల్లె. ముక్కుల కొడితే లేసిండు. ఇంకో సీస ఇయ్యి. మా తలుపుకున్న మండ గూడ ఎండింది, జర పచ్చది కట్టిపో.”