కింది గొంతు

"ముందు ఈవిణ్ణి బయటికి పంపండి. ఆ తర్వాతే కొంటాను!"

ఫ్రాన్సిస్ అరుపుకి షాపులో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

రేపల్లె నుంచి పొద్దున్నే రైల్లో తెనాలి వచ్చాడతను. ఇంట్లో పాటలు వినడానికి ఈమధ్యే ఓ చిన్న ఆంప్లిఫయర్ కొన్నాడు. దాంతోపాటు వచ్చిన స్పీకర్లు రేకుడబ్బాల్లా మోగుతున్నాయి. వాటి బదులు అలమరలో పట్టే మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కావాలి. ఏవి మంచివో ఎలా తేల్చుకోవాలో తెలియదు. అందుకని ఫోన్లో ఉన్న ఒకే ఒక్క పాటను రెండు జతల మీద మార్చి మార్చి వేయించుకున్నాడు.

అతను ఉయ్యాల్లో ఉండగానే పోయిన తల్లి, చర్చిలో పాడిన పాట అది. పాత క్యాసెట్టు నుంచి ఫోన్లోకి ఎక్కించుకున్నాడు.

నల్ల స్పీకర్లు గుండె అదిరేలా మోగాయి. చెక్క రంగువి నెమ్మదిగా పలికాయి.

"నల్లవి ప్యాక్ చేయండి" అన్నాడు.

"అవి వద్దు బాబూ."

రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చి కూర్చున్న ముసలావిడ మాట అది. మెడ చుట్టూ చెంగు కప్పుకుంది. గొంతు బొంగురుపోయి, మాట మాటకీ గీరుకుంటోంది.

"వాటిల్లో కింది గొంతు మునిగిపోతోంది. ఈ చెక్కవాటిల్లో విను."

"పాడేది ఒక్కరేనండి. కింది గొంతేంటి?"

"ఇద్దరు బాబూ. ఆ పై గొంతుని వదిలెయ్. అదేమంత గొప్పగా లేదు, ఊరికే సాగదీస్తోంది. కింది గొంతు విను, ఎంత..."

అక్కడే ఫ్రాన్సిస్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఏం మాట్లాడుతున్నారండీ? అది మా అమ్మ గొంతు!"

ఆవిడ మెడ చుట్టూ ఉన్న చెంగుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మా అమ్మ మొహం కూడా నాకు తెలీదు. ఆ గొంతొక్కటే మిగిలింది. అది మీకు గొప్పగా లేదా? ముందు మీ గొంతు సంగతి చూసుకోండి! ఆ గొంతేసుకుని ఇంకొకరి పాటకి వంకలా?"

"సార్, సార్" అంటూ షాపు యజమాని రామకృష్ణ అడ్డొచ్చాడు. అప్పుడే ఆవిణ్ణి బయటికి పంపమని కేకలేశాడు ఫ్రాన్సిస్.

ఎవరూ పంపక్కర్లేకుండా ఆవిడే లేచింది. అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

"తప్పయిపోయింది నాయనా. మీ అమ్మది మంచి గొంతు. అంత మంచి గొంతు నేను మళ్ళీ వినలేదు."

"ఇప్పుడు పొగడక్కర్లేదు. వెళ్ళండి."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఫ్రాన్సిస్ పంతం కొద్దీ నల్లవే కొన్నాడు.

ఇంట్లో అవి మోగితే కిటికీ అద్దాలు అదిరాయి. పాట మాత్రం ఆ మోతలో కలిసిపోయింది.

"మాటలే తెలియట్లేదండీ" అంది భార్య రూబీ.

"నీకూ వంకలేనా?" అని ఆమె మీద ఎగిరాడు.

కొన్నాళ్ళకి అతనికే తలపోటు మొదలైంది. కోపం ఈసారి షాపు మీదికి మళ్ళింది. అట్టపెట్టె ఎత్తుకుని మళ్ళీ తెనాలి రైలెక్కాడు.

"చెత్త సరుకు అంటగట్టారు కదండీ నాకు!"

రామకృష్ణ గొడవ పడలేదు. చెక్క రంగు జత తెచ్చి ముందు పెట్టాడు.

"రిబ్కమ్మగారు అప్పుడే చెప్పారు సార్. ఆ బాబు తిరిగొస్తాడు, ఇవే ఇవ్వండి, కోప్పడకండి అని."

"ఎవరావిడ?"

"మీరు అరిచారే, ఆవిడేనండి. ఊరు కొల్లిపర."

"ఆవిడ చెప్పిందని తీసుకోవట్లేదు. అదే మాట ఆవిడతో చెప్పండి."

"చెప్పడానికి ఆవిడ లేరండి. మొన్న ఆదివారం పోయారు. గొంతు క్యాన్సరు."

ఫ్రాన్సిస్ చెక్క రంగు జత తీసుకుని బయటికొచ్చాడు. అయినా రైల్లో కూర్చున్నంతసేపూ లోపల రగులుతూనే ఉంది. చచ్చిపోయినంత మాత్రాన మా అమ్మని అన్న మాట చెరిగిపోతుందా అనుకున్నాడు.

ఇంటికొచ్చి, స్పీకర్లు అలమరలో సర్ది, పాట వేశాడు. తండ్రి అంద్రెయ ఎప్పట్లాగే లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆ పాట మోగుతుంటే ఆయన ఏనాడూ గదిలో లేడు.

అమ్మ గొంతు మొదలైంది. దాని కిందే ఇంకో గొంతు. నిండుగా, తొణక్కుండా, పాట బరువంతా తనే మోస్తున్నట్టుగా ఉంది.

ఫ్రాన్సిస్ ఆపబోయాడు.

"ఆపకురా!"

అంద్రెయ గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంకెవరో కూడా పాడుతున్నారు నాన్నా. ఇన్నాళ్ళూ వినపడనే లేదు."

"ఇంకెవరో కాదు. అదే మీ అమ్మ."

"అమ్మది పై గొంతు కదా?"

అంద్రెయ కాదన్నట్టు తల ఊపాడు.

ఫ్రాన్సిస్ చర్రున లేచాడు.

"మరి చెప్పలేదేం? ఇన్నేళ్ళు నన్ను పిచ్చోణ్ణి చేశావా? అసలు తండ్రివేనా నువ్వు?"

"చిన్నప్పుడు ఆ పై గొంతు వినపడితే చాలు, అమ్మా అంటూ టేప్‌రికార్డర్‌ని కావిలించుకునేవాడివి. కాదని ఏ నోటితో చెప్పను? చూడలేక బయటికి పోయేవాణ్ణి."

"అయితే నేను అమ్మా అనుకున్నది ఎవర్ని?"

కళ్ళు తుడుచుకుని, చాలాకాలంగా పలకని పేరును గుర్తు చేసుకున్నట్టు అంద్రెయ నెమ్మదిగా చెప్పాడు.

"మీ అమ్మ పక్కన నిలబడి పాడిందిరా, కొల్లిపర రిబ్కా."