సగం దించిన అద్దం

“అద్దాలు మాత్రం దించకు,” అంది అక్క, కారు తాళం ఇంకా గుప్పిట్లోనే పట్టుకుని. “రబ్బరు సందులో ఇసుక చేరుతుంది. అద్దం దిగేటప్పుడు ఆ ఇసుకే ఫిల్మ్‌ని గీసేస్తుంది. తుడవాలనిపిస్తే మెత్తని గుడ్డ, ఉత్త నీళ్లు. ఉంగరం ఉన్న చెయ్యి అద్దానికి ఆనించకు.”

“ఉంగరం తీసి ఇక్కడే పెట్టి వెళ్లనా?” అన్నాడు తమ్ముడు.

“వెటకారాలొద్దు. చిన్నప్పటి నుంచీ నీ చేతికిచ్చిన వస్తువు తిన్నగా తిరిగొచ్చిందా? నా సైకిల్ ఏమైంది?”

“చక్రాలు రెండూ తెచ్చానుగా.”

కాస్త ఎండ తగిలితే చాలు, అక్కకు తలపోటు మొదలవుతుంది. అందుకే దగ్గరుండి ఆ నల్ల ఫిల్మ్ వేయించుకుంది. కారు బావదే అయినా అద్దాలు అక్కవని ఇంట్లో అందరికీ తెలుసు.

అసలు తమ్ముడు కారు అడగనేలేదు. ఆసుపత్రి నుంచి భార్యనీ పసిపాపనీ టాక్సీలో తెచ్చుకుందామనుకున్నాడు. బావే పట్టుబట్టాడు.

“మన కారుండగా టాక్సీ ఏమిట్రా? రేపు సాయంత్రం దాకా నీ దగ్గరే ఉంచుకో.”

కన్నతండ్రికి కూడా తాళం ఇవ్వని మనిషి అంత మాట అనేసరికి, అక్క ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

బావ లవంగం నములుతూ తనే కారు బయటికి తీసి, గోడ నీడలో నిలిపాడు. తమ్ముడి భుజం తట్టాడు.

“ఏదైనా అయితే దాచకు. మీ అక్కతో నేరుగా చెప్పేయ్. తోడబుట్టినవాడివి, నిన్నేమీ అనదు.”

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి అద్దం మీద వేలితో కొట్టాడు. తమ్ముడు అలవాటు కొద్దీ మీట నొక్కేశాడు. అద్దం సగం దిగాక అక్క గొంతు చెవిలో మోగినట్టయి, గభాలున పైకి ఎత్తేశాడు.

తల్లీబిడ్డలను వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి వస్తుంటే, మలుపు దగ్గర ఎండ అతని పక్క అద్దం మీద ఏటవాలుగా పడింది. వెంట్రుకంత సన్నని తెల్లటి గీత, పైనుంచి కిందికి.

“ఏమైందండీ?” అంది భార్య.

“ఏం లేదు.”

“మీరు ఏం లేదన్నారంటే ఏదో ఉన్నట్టే.”

చూపించాడు. ఆమె ముందుకు వంగి చూసింది. “వదినతో చెప్పేద్దాం. ఏమంటారు, మహా అయితే?”

“ఏమీ అనదు. ‘నేననుకున్నదే’ అని నవ్వుతుంది. మొన్న పాపని మొదటిసారి ఎత్తుకోబోతే ఏమంది? ‘జాగ్రత్తరా, అసలే నీ చెయ్యి’ అంది. అప్పటి నుంచీ ఎత్తుకోవాలంటే నాకే భయంగా ఉంటోంది. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు.”

“నేను చెప్పను. పాప సంగతి మీరు చూసుకోండి.”

మర్నాడు పొద్దున్నే, అక్క ఫిల్మ్ వేయించిన దుకాణానికే వెళ్లాడు. పనివాడు గీత మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగాడు.

“రోజూ దించుతుంటారా సార్?”

“ఒక్కసారే దించాను. అదీ సగమే.”

“సగమా? గీత పై అంచు దాకా ఉందే.”

“నా అదృష్టం అలాంటిది. మార్చేయండి.”

పనివాడు పాత ఫిల్మ్ ఊడదీసి, తడి కుంచెతో రబ్బరు సందు శుభ్రం చేశాడు. నల్లటి ఇసుక బయటికి వచ్చింది. అదే రంగు ఫిల్మ్ చుట్టలోంచి కొత్త ముక్క కోసి, నీళ్లు చల్లి, బుడగ లేకుండా అతికించాడు.

“ఇది ఆరే దాకా దించకండి. ఆ తర్వాతైనా, అప్పుడప్పుడూ ఈ సందు తుడుచుకుంటే గీత పడదు.” మరచిపోకుండా మీట మీద ఒక టేపు ముక్క కూడా అంటించాడు.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. “కారు ఎలా ఉందిరా?”

“బాగుంది బావా.”

“ఏమీ కాలేదా?”

“ఏమీ కాలేదు.”

“సరిగ్గా చూశావా?”

నమ్మకం ఈయనకీ లేదన్నమాట, అనుకున్నాడు తమ్ముడు.

సాయంత్రం కారు తెచ్చి పెట్టగానే అక్క చుట్టూ తిరిగింది. ప్రతి అద్దం ముందూ వంగి, తల అటూ ఇటూ వాల్చి చూసింది. బావ లవంగం నములుతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. డ్రైవర్ పక్క అద్దం దగ్గర అక్క చాలాసేపు ఆగింది.

“ఈ టేపేమిట్రా?”

“చెయ్యి పొరపాటున మీట మీద పడకుండా.”

అక్క నవ్వింది. అతను భయపడిన నవ్వు కాదు అది. భర్త వైపు తిరిగింది. “చూశారా? మీకెప్పుడైనా తట్టిందా ఇది?”

బావకు పొలమారింది.

“రేపొచ్చి పాపకి నేను స్నానం చేయిస్తాను,” అంది అక్క. “అప్పటిదాకా నువ్వే ఎత్తుకుంటూ ఉండు. పచ్చి బాలింత, దాని చేతులు లాగేస్తుంటాయి.”

జాగ్రత్త అన్న మాట కోసం తమ్ముడు ఎదురుచూశాడు. రాలేదు. అక్క లోపలికి వెళ్లిపోయింది. రెండు చేతులూ ఒక్కసారిగా తేలికైనట్టనిపించింది అతనికి.

బావ గేటు దాకా సాగనంపడానికి వచ్చాడు. ఏదో పెద్ద బరువు దింపుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. వెనక్కి తిరిగి, గుమ్మంలో ఎవరూ లేరని చూసుకుని, తమ్ముడి చెవి దగ్గరకు వంగాడు.

“ఆ గీత ఎలా పోగొట్టావురా?”