రెండంగుళాల దిమ్మ

"వెనక చక్రాలు రెండూ ఒక్కటే తీరు తిరగాలె చెల్లె. వాటి నడుమ ఉండే డిఫరెన్షియల్‌కు వెల్డింగ్ కొట్టేస్త. డ్రాగ్ రేసుల బండి బాణం లెక్క పోతది" అన్నాడు మల్లాపూర్ షెడ్డులో మెకానిక్ రామస్వామి.

దుర్గాభవాని తన పాత కాంటెస్సా కారు స్టీరింగు ముందు నుంచి కదల్లేదు. "రేసు ఆదివారం ఒక్కనాడే అన్నా. మిగిలిన ఆరు దినాలు దీంట్లనే ఉప్పల్ చౌరస్తా తిరిగి ఆఫీసుకు పోవాలె. మలుపుల చక్రాలను దేనికది తిరగనిచ్చి, గట్టిగ తొక్కితే రెండిటినీ కలిపి పట్టేది ఉంటది గదా, లిమిటెడ్ స్లిప్. అది బిగించు."

"రేసోళ్లందరు వెల్డింగే కొట్టిస్తరు. రేసా, రోడ్డా? ఒక్కటి చెప్పు."

"రెండూ."

రామస్వామికి చిర్రెత్తింది. లోపలికి వంగి క్లచ్ పెడల్ చూశాడు. దానిమీద రెండంగుళాల ఇనుప దిమ్మ బిగించి ఉంది.

"గీ ముక్క ఎవడు పెట్టిండు? ముందుగాల దీన్ని పీకేస్త."

ఆమె తలుపు తీసుకుని దిగింది. కుడి పాదం నేలకు ఆనింది. ఎడమ మడమ నేలకు రెండంగుళాల ఎత్తులోనే ఆగిపోయింది.

"నేనే పెట్టుకున్న. వెల్డింగ్ కొడితే మలుపుల ఒక చక్రం ఇంకోదాన్ని ఈడ్చుకపోతదన్నా. ఈడ్చుడు ఎట్లుంటదో నన్నడుగు."