కనబడని నిమ్మముల్లు

బాల్కనీలో నిమ్మమొక్క కత్తిరిస్తుంటే మడమలో ముల్లు దిగింది. తియ్యమని మా అమ్మాయి రత్నావళిని పిలిచాను. నలభై దాటాక దానికి దగ్గరి చూపు మందగించింది. ఇప్పుడు నడివయసు వాళ్లంతా పెట్టుకుంటున్న కొత్తరకం కళ్లజోడే అదీ పెట్టుకుంది. మసకగా ఉన్నచోటల్లా ఆ జోడు తనే ఊహించి బొమ్మ నింపేస్తుంది. దాన్ని నమ్మి బియ్యం ఏరితే ఇంటిల్లిపాదికీ పంటికింద రాళ్లే!

నన్ను మంచం మీద కూర్చోబెట్టి, పిన్నీసు పట్టుకుని నా కాలు ఒళ్లో పెట్టుకుంది.

"ఏదమ్మా ముల్లు? మడమ వెన్నముద్దలా ఉంది!"

"ఈ వయసులో నాకు వెన్నముద్ద మడమలేంటే? ముందు ఆ జోడు తీసెయ్!"

"తీస్తే అసలేమీ కనపడదు."

"పెట్టుకున్నా కనపడట్లేదుగా! కన్నతల్లి మాట నమ్మవు, ఆ గాజుముక్కల్ని నమ్ముతావు."

విసుగ్గా జోడు తీసి పక్కన పడేసింది. నా కాలెత్తి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, కళ్లు చికిలించి చూసింది. నేను వెల్లకిలా పడబోయి మంచం పట్టె పట్టుకున్నాను. అది వేలితో తడుముతుంటే ఒకచోట కేక పెట్టాను. ముల్లు దొరికింది. కానీ పిన్నీసు కదల్లేదు.

"అమ్మా, మడమలు ఇంతలా ఎప్పుడు పగిలాయి? నెత్తురు చారలు కట్టింది. నాతో చెప్పలేదేం?"

"చెప్పానే. చూసి, బాగానే ఉన్నాయన్నావు."

రత్నావళి కళ్లు నిండాయి.

"ఏడుపు తర్వాత! అసలే కనపడి చావదు, కన్నీళ్లు కూడా తోడైతే ముల్లెప్పుడు తీస్తావే తల్లీ?"