హైమ బదులు ఫోను

పాడేరు కొండల్లో నెట్ ఎప్పుడూ నత్తనడకే. అయినా ఇప్పుడెవరికీ మాట తెగదు. లైను ఆగితే అవతలి మనిషి ఏమంటారో ఫోనే ఊహించి, వాళ్ల గొంతుతోనే చెప్పేస్తుంది.

ఒంటరిగా ఉండే హైమ విశాఖలోని చెల్లెలు వసుంధరకు వీడియో కాల్ చేసింది.

"రేపే నా ఆపరేషను. ఎప్పుడు బయల్దేరుతున్నావే?"

"నిన్న నువ్వే కదక్కా రావద్దన్నావు! చిన్నదే, నేను చూసుకుంటానన్నావు."

నిన్నంతా హైమ ఇంట్లో లైనే లేదు. హైమ గొంతుతో చెల్లెలికి ఆ మాట చెప్పింది చెల్లెలి ఫోనే.

"అది నేను కాదే. నాకు భయంగా ఉంది, రావే," అంది హైమ.

తెరమీద వసుంధర ముఖం కదలకుండా నిలిచిపోయింది. ఆలోపు హైమ గొంతుతో అవతలి ఫోను ఏం చెప్పేసిందో, మళ్లీ కదిలేసరికి ఆమె నవ్వుతోంది.

"నీ ధైర్యం నాకుంటే బాగుణ్ణక్కా. సరే, ఉంటా మరి."

మర్నాడు హైమ ఒక్కతే ఆసుపత్రికి బస్సెక్కింది.